ఇంకా తలెత్తకు

"దించు. ఇంకొంచెం దించు. ఆ, అంతే. నేను చెప్పేదాకా ఎత్తకు," అంటూ ఫోటో మావయ్య తన అరచేతిని భార్య నుదుటికి గొడుగులా అడ్డం పెట్టాడు. టాక్సీ నది మీద వంతెన ఎక్కింది. వంతెన సగానికి రాగానే ఎడమవైపు, వాళ్ళు చూడవచ్చిన తెల్లరాతి కట్టడం కనిపిస్తుందని ఆయన ఇంటి దగ్గరే ఫోనులో మ్యాపు చూసి పెట్టుకున్నాడు.

"మెడ పట్టేసిందండీ," అంది అత్తయ్య, ఒళ్ళో ఉన్న సంచీతో మాట్లాడుతున్నట్టు.

"వంతెన దాటేదాకానే. ఓర్చుకో."

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "అమ్మగారికి కడుపులో తిప్పుతోందా సార్? పక్కకి ఆపమంటారా?"

"తిప్పడం కాదు బాబూ. ఈవిడ ఆ కట్టడాన్ని ఇప్పుడే చూడకూడదు. చూసేటప్పుడు నేను ఫోటో తియ్యాలి."

డ్రైవరు వేగం తగ్గించాడు. "సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోకండి. ఈ పొగమంచులో అమ్మగారు తలెత్తినా వంతెన కమ్మీలు కూడా కనపడవు."

మావయ్య కిటికీలోంచి చూశాడు. నిజమే. నది లేదు, అవతలి ఒడ్డు లేదు, ఎవరో పాలగిన్నె ఒంపేసినట్టు అంతా తెల్లగా ఉంది. అయినా ఆయన చెయ్యి తియ్యలేదు. ఎందుకైనా మంచిదని.

ఆయనకి బస్టాండు పక్కన పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో ఉంది. ఒక స్టూలు, ఒక తెల్ల తెర, రెండు గొడుగు లైట్లు, మేకుకి దారంతో కట్టిన దువ్వెన. చుట్టుపక్కల పెద్దా చిన్నా అందరూ ఆయన్ని ఫోటో మావయ్య అంటారు కాబట్టి ఆవిడ అందరికీ అత్తయ్య అయింది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు ఆయన నోట ఒకటే పాట: "గడ్డం కిందికి. చెవులు కనపడాలి. నవ్వొద్దు. కళ్ళార్పొద్దు." ఉద్యోగానికి వెళ్ళే కుర్రాడైనా, పింఛను కోసం వచ్చిన ముసలమ్మయినా ఆ స్టూలెక్కగానే ఒకటే మొహం పెట్టేవాళ్ళు, చెయ్యని దొంగతనం ఒప్పుకోబోతున్నట్టు. ఇన్నేళ్ళూ మొహాలే తీసినా, చెప్పి పెట్టించని మొహం ఒక్కటి కూడా తియ్యలేదే అన్న దిగులు ఈ మధ్య మావయ్యకి పట్టుకుంది. అలాంటి సమయంలో, చలికాలంలో యాత్రలకి వెళ్ళేవాళ్ళు ఫోటోలు ఎలా తియ్యాలో చెప్పే వీడియో ఒకటి ఫోనులో తగిలింది. అందులో అతను అన్నీ చెప్పి, చివర్లో ఒక మాట అన్నాడు. కట్టడాన్ని ఊరంతా తీస్తారు, మీరు దాన్ని మొదటిసారి చూస్తున్న మనిషి మొహం తియ్యండి, ఆ మొహం రెండోసారి రాదు అని. ఆ మాట మావయ్య చెవిలో ఇల్లు కట్టుకుంది.

అందుకే ఈ ప్రయాణం. అందుకే ఈ తలదించుకోవడం.

హోటలు కౌంటరు దగ్గర మేనేజరు రిజిస్టరు తిప్పుతూ, "అదృష్టవంతులు సార్, కట్టడం కనిపించే గది ఒకటి ఖాళీగా ఉంది. కిటికీ తీస్తే ఎదురుగా గుమ్మటమే," అన్నాడు.

"అది వద్దు. కనపడని గది కావాలి."

"కనపడనిదా?"

"అసలే కనపడకూడదు. ఏ మూల నుంచి వంగి చూసినా సరే."

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. "సార్, ఇక్కడ ఆ గది కోసం అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఊరందరిదీ ఒక దారి అయితే మీది ఇంకో దారిలా ఉందే!"

"మా ఆయనది ఎప్పుడూ అంతే," అంది అత్తయ్య నేల మీద గచ్చు గళ్ళు చూస్తూ. "గచ్చు బాగుందండీ. గళ్ళ మధ్యలో ఎర్రచుక్క పెట్టారు."

వాళ్ళకి వెనకవైపు గది ఇచ్చారు. కిటికీ తీస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు. గది గదంతా చెమ్మ. మావయ్య మాత్రం లాటరీ తగిలినట్టు చేతులు రుద్దుకున్నాడు. గుమ్మంలోనే ఆగి, కెమెరాని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, గాలి పోయేలా మూతి బిగించి కట్టాడు.

"ఊపిరాడక చచ్చిపోదూ?" అంది అత్తయ్య.

"చలిలోంచి వెచ్చదనంలోకి తెస్తే లెన్సు లోపల చెమ్మ పడుతుంది. సంచీలో ఉంచితే ఆ చెమ్మ సంచీకి పడుతుంది. గంటాగి తియ్యాలి."

"మరి నా కళ్ళద్దాలకీ ఒక సంచీ ఇవ్వండి," అంటూ ఆవిడ కళ్ళద్దాలు పైటతో తుడుచుకుని, ఆయన తడి మేజోళ్ళు విప్పించి కుర్చీ వీపున ఆరేసింది.

సాయంత్రం మావయ్య చుట్టాల గ్రూపులో గొంతు సందేశం పెట్టాడు. ఆయన రాసేది తక్కువ, చెప్పేది ఎక్కువ. "అందరికీ నమస్కారం. చలికాలం ఫోటోలకి చిట్కాలు చెప్తున్నా, వినండి. ఒకటి, బ్యాటరీ చలికి చచ్చిపోద్ది, కాబట్టి రెండోది ఒంటికి తగిలేలా లోపలి జేబులో దాచుకోవాలి. పొగమంచులో ఎర్రబట్ట కట్టుకుంటే మనిషి దీపంలా కనపడతాడు, మీ అత్తయ్యకి ఎర్రశాలువా కొన్నా. తెలుపు మీద తెలుపు తీస్తే కెమెరా భయపడి బూడిదరంగు చేస్తది, ఒక మెట్టు వెలుగు పెంచుకోవాలి. చేతి తొడుగుల వేళ్ళ చివర్లు కత్తిరించుకోండి, లేకపోతే బటన్ తెలీదు. ఇక అసలు చిట్కా..." అంటూ మొదటి చూపు సంగతి మొదలుపెట్టి సందేశం తెగిపోయేదాకా చెప్పాడు.

మేనకోడలు వెంటనే ఫోను చేసింది. "మావయ్యా, అత్తయ్యకి గంతలు కట్టకపోయావా, సులువుగా ఉండేది!"

"అడిగాడే," అంది అత్తయ్య ఫోను దగ్గరికి వంగి. "దారిలో పడిపోతే ఫోటోలో మొహం వాచి ఉంటుందని మానేశాడు."

మర్నాడు తెల్లవారుతుండగానే మావయ్య లేచి, వెచ్చటి మంచం మీద ఉన్న భార్యని చూసి, "నువ్వు పడుకో. నేను వెళ్ళి వెలుతురు చూసొస్తా. బాగుంటే వచ్చి తీసుకెళ్తా," అని బయల్దేరాడు. కట్టడానికి ముందు పెద్ద ఎర్రరాతి ద్వారం ఉంది. ద్వారంలోంచి చీకటి దారి, ఆ దారి అవతల మొదటి చూపు. అన్నీ ఆయన లెక్కలోనివే. కానీ పొద్దెక్కేదాకా నిలబడినా ద్వారం అవతల పొగమంచు తెల్లటి గోడలా ఉంది. ఆ తెలుపులోకి జనం నడిచి వెళ్ళి మాయమైపోతున్నారు. ఆయన కాళ్ళు మంచుముక్కలయ్యాయి. మీసాల మీద నీళ్ళు చేరాయి.

గదికి తిరిగొచ్చేసరికి అత్తయ్య స్నానం చేసి, శాలువా కప్పుకుని కూర్చుంది. ఆయన తడి మేజోళ్ళు విప్పగానే పొడి మేజోళ్ళు చేతికిచ్చింది. అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా ఉన్నాయి. మావయ్య వాటిలోకి కాళ్ళు దోపి, "అబ్బ!" అన్నాడు. ఈ చెమ్మ గదిలో అవి ఎలా ఆరాయో ఆయనకి తట్టలేదు.

"మీకో మాట చెప్పాలండీ," అంది అత్తయ్య.

"ఆగు, ముందు ఇది చూడు." ఆయన ఫోను తీసి, ఎవరెక్కడ నిలబడాలో గీసుకున్న బొమ్మ చూపించాడు. "ద్వారంలోంచి వస్తావు. ఇక్కడ నిలబడతావు. నేను నీకు ఎదురుగా వెనక్కి నడుస్తుంటా. నేను 'ఇప్పుడు' అంటే తలెత్తు. నటించకు. నవ్వాలని నవ్వకు. నీకు ఏం వస్తే అది రానీ. ఏడుపొస్తే ఏడువు. నోరు తెరుచుకుంటే తెరుచుకో. నీ పుణ్యమా అని ఒక్కటంటే ఒక్క నిజం మొహం తీస్తా." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. స్కూల్లో మొదటిసారి బొమ్మ గీసి చూపించే పిల్లాడిలా ఉన్నాడు. "ఆ, ఏదో చెప్పాలన్నావు?"

అత్తయ్య ఆయన మొహం వైపు చూసింది. "ఏం లేదు. టీ ఎక్కడ బాగుంటుందో కనుక్కున్నా. వెళ్దామా?"

ఆ రోజంతా వాళ్ళు ఊళ్ళో తిరిగారు. తిరిగింది ఇద్దరూ, చూసింది ఒక్కరు. గుమ్మటం ఏ సందు చివర తొంగి చూస్తుందో తెలీదు కాబట్టి అత్తయ్య కళ్ళు నేల మీదే ఉండాలి. మావయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "మెట్టు. గుంట. ఎడమకి," అంటూ నడిపించాడు. మధ్యలో ఒక దుకాణం బోర్డు ఫోటో తియ్యడానికి చెయ్యి వదిలాడు. అత్తయ్య వెళ్ళి కరెంటు స్తంభానికి తలకొట్టుకుంది.

"అయ్యయ్యో, చూసుకోవద్దూ!" అన్నాడు మావయ్య.

"చూడొద్దన్నది మీరే కదండీ," అంది ఆవిడ నుదురు రుద్దుకుంటూ. పక్కన చెప్పులు కుట్టే ఆయన నవ్వాడు. ఆవిడ ఆయనతో, "ఈ ఊళ్ళో అందరి చెప్పులూ నాకు తెలిసిపోయాయి. పని మీకన్నా నాకే బాగా వచ్చేలా ఉంది," అంది. అందరితోపాటు మావయ్య కూడా పకపకా నవ్వాడు. ఇంటికెళ్ళాక చుట్టాలకి చెప్పడానికి మంచి ముచ్చట దొరికిందనుకున్నాడు.

మూడో రోజు పొద్దున కూడా పొగమంచు. ఆ మర్నాడు మధ్యాహ్నమే తిరుగు రైలు.  ఇంత తక్కువ వెలుతురులో చెయ్యి వణికితే ఫోటో పాడవుతుంది కాబట్టి, లోపలికి తీసుకెళ్ళకూడదని తెలిసి కూడా, మావయ్య కెమెరా మడత స్టాండు ఒకటి కోటులో దాచుకుని, ముందు తనొక్కడే వెళ్ళాడు. ద్వారం దగ్గర గార్డు ఆయన వీపు తట్టి, టకటకమన్న చోట ఆగాడు.

"ఇదేంటండీ?"

"నడుం నొప్పి. బెల్టు."

"బెల్టుకి మూడు కాళ్ళుంటాయా?" గార్డు దాన్ని బయటికి లాగి, విప్పి, నేల మీద నిలబెట్టాడు. వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. "నడుం గట్టిగానే నిలబడింది మావయ్యగారూ. దీన్ని రూములో పెట్టి రండి."

ఇక్కడ కూడా మావయ్యే అయ్యానా అని గొణుక్కుంటూ మావయ్య స్టాండు పట్టుకుని హోటలుకి తిరిగొచ్చాడు. గదికి తాళం వేసి ఉంది. టీకి వెళ్ళిందేమో అనుకున్నాడు. కౌంటరు దగ్గర మేనేజరు లేడు. ఇంతలో మెట్ల పైనుంచి నవ్వు వినిపించింది. అత్తయ్య నవ్వు. గుక్క తిప్పుకోకుండా, చివర్లో చిన్న దగ్గుతో ఆగే నవ్వు. ఆయన ఆ నవ్వు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. డాబా తలుపు ఓరగా తెరిచి ఉంది.

డాబా నిండా తెల్ల దుప్పట్లు. దండేల మీద ఆరేసినవి కొన్ని, బకెట్లలో నానుతున్నవి కొన్ని. హోటలు బట్టలు ఉతికే ఆవిడ, అత్తయ్య చెరో కొస పట్టుకుని ఒక దుప్పటి మెలితిప్పుతున్నారు. నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి. గోడవారగా వేడినీళ్ళ గొట్టం పాకుతూ ఉంది. దాని మీద వరసగా మావయ్య మేజోళ్ళు, లోపలి బనీను, నిన్న తడిసిన మఫ్లరు.

ఇక వాళ్ళిద్దరి వెనక, పిట్టగోడ అవతల, ఊరు ఊరంతా పొగమంచులో మునిగి ఉంటే, దాని మీద పడవలా తేలుతూ ఆ గుమ్మటం. కింద ద్వారం దగ్గర నిలబడితే కనపడనిది, మూడంతస్తుల మీద నుంచి చేత్తో అందుకునేంత దగ్గరగా ఉంది. లేత ఎండ దాని భుజం మీద పడింది. ఎర్రశాలువా, తెల్ల దుప్పట్లు, తెల్ల గుమ్మటం, ఎగిరిపడి నవ్వుతున్న అత్తయ్య.

మావయ్య కెమెరా కంటికి ఆనించాడు. ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసింది. వెలుగు ఒక మెట్టు పెంచాడు. బటన్ సగం నొక్కాడు. అత్తయ్య మొహం మీద లెన్సు ఠక్కున కుదురుకుంది.

"అయితే అక్కా," అంది బట్టలావిడ, "నిన్న పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నావు. రేపు ఆయన ముందు చూడనట్టు ఎలా ఉంటావు?"

"అదే కదా నా బాధ. నిన్న మేజోళ్ళు ఆరేద్దామని పైకొస్తే ఇది కనబడిపోయింది. నేనేమైనా కావాలని చూశానా? ఆయన గదికి రాగానే చెప్దామనుకుంటే బొమ్మ గీసుకుని వచ్చాడు. ఆ మొహం చూశాక నోరు రాలేదు. మింగలేను, కక్కలేను."

"ఇప్పుడు చెప్పేయ్."

"వద్దే. ఎంతమందికో మొహాలు తీశాడు, తనకోసం ఒక్కటీ తీసుకోలేదు. ఇదొక్కటీ ఉండనీ. చూడు, ఇలా పెడితే నమ్ముతాడా?" అత్తయ్య దుప్పటి కొస చంకన ఇరికించుకుని, తల దించి, మళ్ళీ ఎత్తి, కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచింది.

బట్టలావిడ పరీక్షగా చూసింది. "పన్ను పీకేటప్పుడు పెట్టినట్టుంది."

"ఇది?" అత్తయ్య చెయ్యి బుగ్గ మీద పెట్టుకుంది.

"పాలు పొంగిపోయినట్టుంది."

"అబ్బా! ఆయనేమో నటించకు నటించకు అంటాడు. నటించకుండా ఉన్నట్టు నటించడం ఎంత కష్టమే తల్లీ!" అంటూ ఆవిడ మళ్ళీ నవ్వింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోయి నవ్వారు. దుప్పటి జారి నేలమీద పడింది.

మావయ్య వేలు బటన్ మీదే ఉంది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న మొహం ఆ చిన్న గాజుకిటికీలో నిలబడి ఉంది. ఇంకొంచెం నొక్కితే చాలు. కానీ ఆయన కెమెరా పాతది, బటన్ నొక్కితే తలుపు గడియ పడ్డంత చప్పుడు చేస్తుంది. ఆవిడ తిరిగి చూస్తుంది. ఆ తరవాత రేపటి మొహం అక్కర్లేదు. రెండు రోజులుగా ఆవిడ దాచుకున్నదీ, ఇప్పుడు కష్టపడి నేర్చుకుంటున్నదీ, రెండూ ఆ ఒక్క చప్పుడుతో పోతాయి.

ఆయన వేలు తీశాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దొంగలా మెట్లు దిగాడు.

టీకొట్టు బల్ల మీద కూర్చుని గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు కానీ తాగలేదు. ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీక అది కాసేపు అటూ ఇటూ తిరిగి ఆయన దగ్గరికే వచ్చి కూర్చుంది. ఇంత దూరం తీసుకొచ్చి, గచ్చు గళ్ళూ చెప్పులూ చూపించాడు. స్తంభానికి తల కొట్టుకుంటే నవ్వాడు. మేజోళ్ళు కాళ్ళకి వెచ్చగా తగిలినప్పుడు, ఇవి ఎక్కడ ఆరాయే అని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ చెప్పేసేది.

"టీ బాలేదా?" అన్నాడు కొట్టాయన.

"బానే ఉంది. మొహమే బాలేదు."

"ఎవరిది?"

"నాదే," అన్నాడు మావయ్య, చల్లారిన టీ గటగటా తాగేసి.

గదికి వెళ్ళే ముందు మెట్ల కిందే గట్టిగా దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. పైన గబగబా అడుగులు వినిపించాయి. ఆయన మెల్లిగా ఎక్కి గది దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య తాళం తీస్తూ ఆయాసపడుతోంది.

"ఎక్కడికెళ్ళావు?"

"ఇక్కడే. గాలికి."

"మంచిది," అన్నాడాయన. ఆవిడ అరచేతులు సబ్బునీళ్ళకి ముడుచుకుపోయి ఉన్నాయి. చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. ఆవిడ దాపరికంలో తనకీ ఒక వాటా దొరికినట్టనిపించింది.

ఆఖరి రోజు పొద్దెక్కాక పొగమంచు పలచబడింది. సామాను కౌంటరు దగ్గర పెట్టి ఇద్దరూ బయల్దేరారు. ఈసారి దారిలో మావయ్య ఆవిడ చెయ్యి వదల్లేదు. "మెట్టు" అన్నప్పుడల్లా వేళ్ళు కాస్త బిగించాడు. గార్డు ఆయన్ని తడిమి, "ఇవాళ నడుం బాగైందా?" అని లోపలికి పంపాడు.

ద్వారం లోపలి దారి చీకటిగా, చల్లగా ఉంది. మావయ్య కెమెరా మెళ్ళో వేసుకుని ముందుకెళ్ళి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఎవరి కాలో తొక్కాడు. "కళ్ళు ఎక్కడున్నాయి పెద్దాయనా?" అని ఎవరో కసిరారు. "వీపున లేవు బాబూ, క్షమించు," అన్నాడు. చీకట్లోంచి ఎర్రశాలువా మెల్లగా వస్తోంది. తల దించే ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఆవిడ చివరిసారి సాధన చేసుకుంటోందని ఆయనకి అర్థమైంది. నవ్వొచ్చింది. లోపలి బుగ్గ కొరుక్కున్నాడు.

వెలుగులోకి వచ్చింది. ఆయన వెనక ఏం కనిపిస్తోందో ఆయన చూడలేదు. ఎడమ కన్ను మూసి, కెమెరా ఎత్తి, "ఇప్పుడు," అన్నాడు.

అత్తయ్య తలెత్తింది. పన్ను పీకేది కాదు, పాలు పొంగేది కాదు, ఇంకేదో కొత్తది పెట్టింది. కనుబొమ్మలు లేచాయి, నోరు సున్నాలా తెరుచుకుంది, గుండెల మీద చెయ్యి పడింది. "అబ్బో!" అంది. కాస్త గట్టిగానే అంది. పక్కనున్న పిల్ల ఒకతి ఉలిక్కిపడి ఆవిడ వైపు చూసింది.

మావయ్య నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"వచ్చిందా?" అంది ఆవిడ ఆ మొహం ఇంకా తియ్యకుండానే, పెదాలు కదపకుండా.

"వచ్చింది, వచ్చింది. ఇక మామూలుగా ఉండు."

ఆవిడ దగ్గరికొచ్చి తెర మీదికి వంగింది. మావయ్య ఫోటో పెద్దది చేశాడు. నోరూ కనుబొమ్మలూ చెయ్యీ అన్నీ కుదిరాయి. కళ్ళు మాత్రం గుమ్మటం వైపు లేవు. సరిగ్గా కెమెరా వెనకున్న మనిషి మీద ఉన్నాయి, నీకు నచ్చిందా అని అడుగుతున్నట్టు. స్టూడియోలో ఎవరైనా అలా చూస్తే, అటు కాదండీ, గాజులోకి చూడండి అని మళ్ళీ తీసేవాడే.

"బాగా రాలేదా?" అంది అత్తయ్య భయంగా. "ఇంకోసారి తలదించి ఎత్తనా?"

"వద్దు. ఇంత బాగా నా చేతుల్లో ఏదీ రాలేదు."  ఇది మాత్రం అబద్ధం కాదు.

"మీరు సంతోషమేగా?"

"మస్తు సంతోషం."

ఆవిడ పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలి, శాలువా సర్దుకుని, "అయితే పదండి, దగ్గరికెళ్ళి చూద్దాం," అంది. మూడు రోజుల తరవాత మొదటిసారి తలెత్తుకుని, ఆయనకంటే ముందు నడిచింది. ఆవిడ నడక ఇంత వేగమని మావయ్య మర్చిపోయాడు.

చెప్పులు విడిచి మెట్లెక్కారు. గోడ దగ్గరికి రాగానే అత్తయ్య ఆగిపోయింది. దూరం నుంచి కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉన్న గోడ, దగ్గరికొస్తే రాయి రాయీ అతుక్కుని ఉంది. సన్నటి నరాలు, నీలిమచ్చలు. రాతిలోకి పొదిగిన చిన్న తీగ, దానికి వేలిగోరంత ఆకులు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, ముక్కు గోడకి తగిలేలా వంగింది. వేలితో ఒక ఆకు మీద రాసింది. మళ్ళీ రాసింది.

"ఇదేంటండీ," అంది మెల్లగా. "ఇది రంగు కాదు. రాయి. ఆకుపచ్చ రాయి కోసి, ఇందులో కూర్చోబెట్టారు. అంచు తగలడం లేదు." ఇంకో ఆకు తడిమింది. "ఇది కాస్త వంకర. చూడండి, పక్కదానిలా లేదు. దీన్ని పొదిగినవాడికి ఆ రోజు చెయ్యి వణికినట్టుంది. పాపం, ఎవరి పిల్లాడో!"

ఆవిడ మొహం అప్పుడు ఎలా ఉందో చెప్పాలంటే మావయ్యకే మాటలు చాలవు. కనుబొమ్మలు లేవలేదు. నోరు తెరుచుకోలేదు. కింది పెదవి కొంచెం జారింది, అంతే. ఎవరూ చూడట్లేదనుకునే మనిషి మొహం అది. గోడ తెలుపు కింద నుంచి దాని మీద పడుతోంది.

ఆయన చెయ్యి కెమెరా మీదికి పోయింది. ఎత్తాడు. లెన్సు గిర్రుగిర్రుమని ముందుకీ వెనక్కీ తిరిగింది, కుదరలేదు. అది దూరాలు లాగే లెన్సు. జానెడు దూరంలో ఉన్నదాన్ని పట్టలేదు. రెండడుగులు వెనక్కి వెయ్యాలి. వెనక జనం. ఆయన వెనక్కి జరిగితే ఆవిడ ఇటు తిరుగుతుంది, తల సర్దుకుంటుంది, ఎలా నిలబడను అని అడుగుతుంది.

ఆయన కెమెరాని వీపు మీదికి తోసేశాడు. ఆవిడ పక్కన నిలబడి, తొడుగు విప్పి, తన అరచేతిని కూడా గోడకి ఆనించాడు. చలి మోచేతిదాకా జివ్వుమని పాకింది.

"ఏది, ఆ వంకర ఆకు ఎక్కడ?" అన్నాడు.

"ఇదిగో." ఆవిడ ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టింది.

"ముట్టుకోకూడదు! చేతులు తియ్యండి!" అని ఎక్కడి నుంచో అరుపు, దాని వెంటే ఈల. మావయ్య ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయాడు. అత్తయ్య తన అరచేతిని ఆ చెయ్యి మీద పెట్టి, గోడకేసి గట్టిగా నొక్కింది.

"మనల్ని కాదులెండి," అంది.